ఇద్దరు సైనికుల మధ్య ధ్వజాలు ఎన్ని?

కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలపు చిన్న రోమన్ కంచు నాణేల్లో నాకు బాగా ఇష్టమైనవి ‘గ్లోరియా ఎక్సెర్కిటుస్’ (లాటిన్‌లో ‘సైన్యపు కీర్తి’) రకం. వెనకవైపు ఈటె, డాలు పట్టిన ఇద్దరు సైనికులు ఎదురెదురుగా నిలబడి ఉంటారు. వాళ్ల మధ్య ధ్వజాలు లెక్కపెట్టండి. రెండుంటే దాదాపు క్రీ.శ. 330–335 నాటిది, ఒక్కటే ఉంటే ఆ తర్వాతది. నాణెం బరువు సుమారు రెండున్నర గ్రాముల నుంచి ఒకటిన్నరకు తగ్గించినప్పుడే ఈ మార్పూ వచ్చింది.

పాదాల కింది గీతకు దిగువన టంకశాల గుర్తు ఉంటుంది. ‘టి, ఆర్’ అక్షరాలతో మొదలైతే ఇప్పటి జర్మనీలోని ట్రియర్. అచ్చు పక్కకి జరిగితే తరచూ ఎగిరిపోయేది ఇదే, పాపం.

మట్టి వదలాలంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, వెదురు పుల్లతో మెల్లగా గీకండి. నిమ్మరసం, వెనిగర్ అసలు వద్దు. పైపొరను తినేస్తాయి, ఈటెలూ శిరస్త్రాణాలూ నిలిచేది ఆ పొరలోనే. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే లోపల క్లోరైడ్లు (లోహాన్ని తినేసే లవణాలు) పనిచేస్తున్నట్టే. వెంటనే విడిగా, తేమ తగలని చోట పెట్టండి.