అరకు అడవిలో పసుపు పొట్ట పిట్ట కోసం

గ్రే-హెడెడ్ కెనరీ ఫ్లైక్యాచర్. పేరు బారెడు, పిట్ట 12-13 సెంటీమీటర్లు. తలా రొమ్మూ బూడిద రంగు, పొట్ట పసుపు, వీపు ఆకుపచ్చ. ఆడా మగా ఒకేలా ఉంటాయి. పేరులో ఫ్లైక్యాచర్ ఉన్నా అసలు ఫ్లైక్యాచర్ల కుటుంబం కాదు, స్టెనోస్టిరిడే అనే చిన్న కుటుంబం. హిమాలయాల్లో నాచు పట్టిన మానుకో బండకో నాచుతో, సాలెగూటి దారాలతో అరగిన్నెలాంటి గూడు అతికిస్తుంది. చలికాలంలో కిందికి దిగి మన తూర్పు కనుమలకూ వస్తుంది. అరకు, అనంతగిరి వైపు డిసెంబరు, జనవరి నెలల్లో వెతకండి.

వెతకడమంటే నడవడం కాదు, వినడం. ఒంటికి మించిన గొంతు దీనిది. గబగబా నాలుగైదు ముక్కల పదునైన ఈల వినిపిస్తే ఆగిపోండి. ఏట్రింతలు (డ్రోంగోలు), మినివెట్లు వంటి పిట్టలు కలిసి తిరిగే గుంపు ఎదురైతే అందులోనూ చూడండి, తరచూ వాటితోనే ఉంటుంది. గుంపు వెంట పరిగెత్తితే ఆకుల చప్పుడు తప్ప ఏమీ దక్కదు. అది వెళ్తున్న దిక్కు చూసుకుని కాస్త ముందుకెళ్లి నిలబడటం నయం.

నిటారుగా కూర్చుంటుంది, చటుక్కున ఎగిరి గాల్లో పురుగును పట్టి తిరిగొస్తుంది. ఒక్కోసారి అదే కొమ్మకు, ఒక్కోసారి పక్క కొమ్మకు. అందుకే బైనాక్యులర్‌ను ఒకే కొమ్మకు అంటించొద్దు. పది రెట్లు పెద్దగా చూపే 10×42 కన్నా ఎనిమిది రెట్లు చూపే 8×42లో ఎక్కువ మేర కనబడుతుంది కాబట్టి ఇక్కడ అదే పనికొస్తుంది.

పొరపాటు ఎక్కువగా వైట్-ఐ అనే చిన్న పిట్టతోనే. దానికి గొంతు పసుపు, పొట్ట తెల్లన, కంటి చుట్టూ తెల్లటి కట్టు. మన పిట్టకు పసుపు రంగు మొదలయ్యేదే రొమ్ము కింద. లీఫ్ వార్బ్లర్లనే పిట్టలయితే కంటిపై గీతతో, ఒళ్లు అడ్డంగా ఉంచి ఆకుల్లో దూరుతూ ఉంటాయి.

ఫొటోలో చిక్కు వెలుతురుది. ఆకుల పచ్చ కాంతి పడి బూడిద తల పచ్చగా వస్తుంది. రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని ముడి ఫొటో) తీస్తే వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల తూకం, తర్వాత సరిచేసుకోవచ్చు. వెనక ఆకాశం ఉంటే తల నల్లబడుతుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచండి. కూర్చున్న పిట్టకు సెకనులో 500వ వంతు షట్టర్ వేగం చాలు. నీడలో ఐఎస్‌ఓ (తక్కువ వెలుతురులో పెంచే కెమెరా అమరిక) 3200 దాకా పోవాల్సి రావచ్చు, కాస్త గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వచ్చినా మసక ఫొటో కన్నా మేలే. ఎగిరేటప్పుడు తీయాలన్న ఆశ మాత్రం వదులుకోండి.

ఫోనులో దాని కూత వినిపించి పిలవకండి. వేరే పిట్ట తన చోటికి వచ్చిందనుకుంటుంది, పురుగులు పట్టుకోవాల్సిన పొద్దు కాస్తా లేని శత్రువును వెతకడానికే ఖర్చవుతుంది.