ఆదివారంలోపు చెప్పమంది

పదకొండు దాటింది. కూలర్‌లో నీళ్లు అయిపోయి ఉత్త గాలి కొడుతోంది. బకెట్ తెచ్చి పోస్తే ఆ చప్పుడుకి మా తమ్ముడు చిన్నోడు లేస్తాడు, లేస్తే మళ్లీ కుక్కపిల్ల ముచ్చటే మొదలుపెడతాడు. అందుకే ఉక్కలోనే కూర్చుని టైప్ చేస్తున్నా.

సాయంత్రం వాడి స్కూల్ యూనిఫాం ఇస్త్రీకి ఇవ్వడానికి పోయా. బండి కింద గోనెసంచి మీద ఇప్పుడు ఒక్క పిల్లే ఉంది. మొన్నటిదాకా మూడుండేవి. మగవి రెండింటినీ కనగల్ వైపు బత్తాయి తోట ఉన్నాయన కావలికని తీసుకుపోయాడట. ఆడది కాబట్టి దీన్ని వదిలేశాడు. గోధుమరంగు ఒళ్లు, నల్లటి ముక్కు, ముందు కాళ్ల చివర్లు మాత్రం సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా ఉన్నాయి. నేను చెయ్యి చాపితే ముందు వాసన చూసింది, తర్వాత చూపుడువేలు నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. పాలపళ్లే గానీ బాగా గుచ్చుకుంటున్నాయి. తల్లి పక్కనే పడుకుని ఉంది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

"ఆదివారం దాకా చూస్త బిడ్డా. తర్వాత మా ఆయన చేపల మార్కెట్ కాడ ఇడిచిపెట్టొస్తనంటుండు," అంది ఇస్త్రీ అక్క, పెట్టెలో బొగ్గులు కదుపుకుంటూ. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆ కుక్క ఈనినప్పటి నుంచి గంజి, అన్నం పెట్టింది ఆమె ఒక్కతే. గల్లీలో ఇంకెవరూ పెట్టలేదు.

రాత్రి అన్నాల దగ్గర ఈ సంగతి చెప్పా. అంతే.

పెద్దమ్మ ఇంకా ఇక్కడే ఉంది. ఆమె ఉన్నప్పుడు మా ఇంట్లో చిన్న విషయం కూడా ఎట్లా పంచాయితీ అవుతుందో మీకు తెలిసిందే. "పోయే పిల్లకు కుక్కెందుకే?" అని మొదలుపెట్టింది. పెంచితే ఆ తెల్ల బొచ్చుకుక్కను పెంచాలట, ఊరకుక్కను కాదట. పైగా ఆడది, ఏడాదికి రెండుసార్లు ఈనుతది, ఆ పిల్లలన్నీ నీ తల్లి నెత్తి మీదికే అంది. ఆపరేషన్ చేయించొచ్చు పెద్దమ్మా అన్నా. వినలేదు. ఆ బొచ్చుకుక్కలు మే నెల నల్గొండ ఎండకు ఏసీ లేకుండా ఎట్లా తట్టుకుంటాయి, ఊరకుక్కకైతే మన ఎండ, మన తిండి పుట్టుకతోనే అలవాటు అన్నా. అదీ వినలేదు. తన ఆడపడుచు ఇంట్లో కుక్క సోఫా చింపిన కథ మొత్తం చెప్పింది. పోయినసారి వచ్చినప్పుడు కూడా చెప్పింది ఆ కథ.

కానీ ఇప్పటిదాకా నిద్రపట్టనివ్వనిది కుక్క గురించి ఆమె అన్నది కాదు. "పోయే పిల్ల" అన్నదే. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ఇంకా అవ్వలేదు, వెబ్ ఆప్షన్లు పెట్టలేదు, ఏ కాలేజో తెలియదు. ఇంట్లో మాత్రం నేను అప్పుడే పోయినట్టే నడుస్తోంది. నా మంచం చిన్నోడికి. నా బీరువాలో కింది అర ఖాళీ చేస్తే అమ్మ స్టీలు సామాను సర్దుకుంటుందట. మొన్న పొద్దున నాన్న పాలాయనతో ఆగస్టు నుంచి అర లీటర్ తగ్గించమని చెప్తుంటే నా చెవులారా విన్నా. నేను తాగేదే ఒక గ్లాసు. "నువ్వు పోయినంక" అనకుండా ఈ నెలలో మా ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. సంతోషంగానే అంటారు, ర్యాంకు వచ్చినందుకు అందరికీ గొప్పగా ఉంది, అది నాకూ తెలుసు. అయినా అన్న ప్రతిసారీ ఏదో తెగిపోయినట్టే ఉంటుంది. ఒక్కరైనా "నువ్వు ఉన్నన్నాళ్లు" అనొచ్చు కదా.

సరే, నేనూ ఊరుకోలేదు. వారం వారం వస్తా కదా అన్నా. ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఉన్నది వంద కిలోమీటర్లు. శనివారం క్లాసులయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కితే చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి దాటుకుని రాత్రి అన్నం వేళకు ఇంట్లో ఉంటా అన్నా. అమ్మ కంచాలు తీస్తూ ఒక్కటే మాట అంది. "మీ అన్న గూడ గట్లనే అన్నడు."

అమ్మ అన్నది అన్న పావురాల గురించి. ఆ సంగతి ఇక్కడ ఎప్పుడూ రాయలేదనుకుంటా.

అన్న ఇంటర్‌లో ఉన్నప్పుడు పాతబస్తీలో ఎవరో దోస్తు దగ్గర ఒక జోడి గిరిబాజ్ పావురాలు తెచ్చాడు. డాబా మీద పాత రేకులు, చెక్కపెట్టెలతో గూడు కట్టాడు. చూస్తుండగానే అవి గూడు నిండా అయ్యాయి. తర్వాత బీటెక్‌కి హైదరాబాద్ పోతూ నన్ను డాబా మీదికి తీసుకుపోయి, "చూస్కుంటవా?" అని అడిగాడు. నేనప్పుడు ఇప్పటి చిన్నోడంత ఉన్నా. చూస్కుంటా అన్నా. అన్న నన్ను ఒక పని అడగడం నాకు ఎంత గొప్పగా అనిపించిందంటే, ఆ రాత్రి డాబా మీదే పడుకుంటానని గొడవ చేశా.

పొద్దున జొన్నలు, సజ్జలు, గుప్పెడు పెసలు. నీళ్లు రోజూ మార్చాలి, ఎందుకంటే అవి తాగే నీళ్లలోనే స్నానం కూడా చేస్తాయి. ఆదివారం ముక్కుకు చున్నీ కట్టుకుని గూడు అడుగు గీకాలి. పొద్దు గూకేలోపు తలుపు వెయ్యాలి, లేకపోతే పిల్లి. వేసవి సెలవులకు అందరూ దేవరకొండలో అమ్మమ్మ ఇంట్లో ఉంటే నేను మాత్రం నాన్నతో కలిసి ముందే తిరిగొచ్చేదాన్ని. పెళ్లికి పోయినా సాయంత్రం అయ్యేసరికి తలుపు వేశానా లేదా అని టెన్షన్.

అయితే అక్కడ చూసినవి కూడా ఉన్నాయి. ఒక్కో జోడి రెండేసి గుడ్లు పెట్టేది. పగలు మగది పొదుగుతుంది, సాయంత్రం అయ్యేసరికి ఆడది వచ్చి కూర్చుంటుంది, మళ్లీ పొద్దెక్కేదాకా కదలదు. దాదాపు 18 రోజులకు పిల్లలు బయటికొస్తాయి, కళ్లు మూసుకుని, పసుపుపచ్చ నూగుతో. వాటికి తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతు సంచిలో తయారయ్యే పాలు పెడతాయి. పిల్ల తన ముక్కును పెద్దదాని నోట్లోకి దూర్చి తీసుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు పెద్దది పిల్లను మింగేస్తోందని భయపడి కేక పెట్టా. గుడ్డును అరచేతిలో పెట్టుకుంటే ఎంత వెచ్చగా ఉంటుందో ఇప్పటికీ నా చేతికి తెలుసు.

దసరాకి అన్న వచ్చాడు. బ్యాగు దించకుండానే డాబా ఎక్కి, "ఇంత సన్నబడ్డయేంది? సరిగ పెడ్తున్నవా?" అన్నాడు. అది ఈకలు రాల్చే కాలం, అప్పుడవి అట్లాగే బోసిగా కనబడతాయి. ఆ సంగతి అన్నకు తెలియదు. రోజూ చూసేది నేను కాబట్టి నాకు తెలుసు, కానీ ఆ క్షణంలో నోరు పెగల్లేదు. మర్నాడు దోస్తులను పిలుచుకొచ్చి "నా పావురాలు" అని చూపించాడు. నేను నీళ్ల బకెట్‌తో మెట్ల మీద నిలబడి ఉన్నా. తర్వాతి ఉగాది దాటాక ఒక రోజు స్కూల్ నుంచి వచ్చి చూస్తే గూడు తలుపు బార్లా తెరిచి ఉంది. పిల్లి పడిందనుకుని మూలమూలా వెతికా. రక్తం లేదు, ఈకలు లేవు. రాత్రి ఫోన్‌లో చెప్పాడు, ఎవరికో అమ్మేశానని. నన్ను అడగలేదు. కొన్నాళ్లకు వాటిలో ఒక నల్లది తిరిగొచ్చి గూటి మీద వాలింది. కొన్నవాళ్ల అబ్బాయి సైకిల్ మీద వచ్చాడు. వాడికి అది దొరకలేదు. నేనే పట్టిచ్చా, ఎందుకంటే అది నా చేతికి మాత్రమే వచ్చేది.

అన్న ఇది చదువుతాడు. చదవనీ. ఇన్నేళ్లలో ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు అంటున్నా. అవి నీవి కావు, అన్నా.

ఇవాళ చిన్నోడు పప్పులో చెయ్యి పెట్టుకుని "నేను చూస్కుంటా అక్కా" అన్నాడు. నాకు ఒక్కసారిగా ఆ డాబా, ఆ బకెట్ గుర్తొచ్చాయి. వద్దులే అనేసి లేచిపోయా. పొద్దున్నే ఇస్త్రీ అక్కకు వద్దని చెప్పేయాలి, దానికి కారణాలు ఇవీ అని రాద్దామనే ఇప్పుడు కూర్చున్నా. కారణాలు గట్టివే. పిల్లకు ఇప్పుడు నెలన్నర. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేయిస్తారు, తర్వాత నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి. ఇవి ఆలస్యమైతే పార్వో అనే వైరస్ జబ్బు భయం, రక్త విరేచనాలు పట్టుకుంటే చిన్నపిల్లలు రోజుల్లోనే పోతాయి. రేబిస్ టీకా మూడు నెలలప్పుడు. క్యాలెండర్ ముందు పెట్టుకుని చూశా. మొదటి సూది తప్ప మిగతావన్నీ నేను హాస్టల్‌లో ఉన్నప్పుడే పడుతున్నాయి. మూడో వారం నుంచి మూడు నెలల దాకా ఎవరి చేతుల్లో తిరిగితే వాళ్లను నమ్మడం నేర్చుకుంటుంది కుక్కపిల్ల. సరిగ్గా ఆ రోజుల్లో నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని అలవాటు చేసి, ఒక పొద్దున బ్యాగు సర్దుకుని పోవాలి. హాస్టల్‌కి తీసుకుపోవడం కుదరదు. పది పన్నెండేళ్లు బతికే ప్రాణి అది. నా బీటెక్కే నాలుగేళ్లు, ఆ తర్వాత ఉద్యోగం ఎక్కడో.

మరి ఇంత తెలిసీ ఎందుకు కావాలనిపించింది? మంచం పోయినా, బీరువా అర పోయినా, గేటు చప్పుడు కాగానే నాకోసమే పరిగెత్తుకొచ్చేది ఒకటి ఈ ఇంట్లో ఉండాలనిపించింది. అంతకంటే పెద్ద కారణం లేదు. దానికి ఒక కుక్కపిల్లను కట్టేయడం న్యాయం కాదు.

ఇంతవరకు రాశాక ఇంకోటి తట్టింది. ఇప్పటిదాకా అంతా నేను పోవడం గురించే ఆలోచించా. చిన్నోడి గురించి ఆలోచించలేదు. అన్న బెంగళూరులో, నేను హైదరాబాద్‌లో, అమ్మానాన్న షాపు మూసి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. స్కూల్ నుంచి వచ్చి వాడు అప్పటిదాకా ఒక్కడే ఉండాలి. పావురాలతో నాకు నొప్పి కలిగింది పనికి కాదు. గూడు గీకడం కూడా నాకు ఇష్టంగానే ఉండేది. చేసేది నేను, పేరు ఇంకొకరిది, అమ్మే హక్కు కూడా ఆ ఇంకొకరిదే, నొప్పల్లా అక్కడ. అన్న పోయేముందు "ఇవి ఇక నీవి" అని ఉంటే ఆ ఉగాది అట్లా జరిగేది కాదు.

కాబట్టి కుక్కపిల్ల వస్తే మొదటి రోజు నుంచే చిన్నోడిది. పేరు వాడే పెడతాడు. టీకా పుస్తకం వాడి దగ్గరే ఉంటుంది. డబ్బులు నా స్కాలర్‌షిప్ నుంచి పంపినా, అది ఎట్లా పెంచాలో ఫోన్‌లో నేను చెప్పను. సెలవులకు వచ్చినప్పుడు అది నన్ను చూసి మొరిగినా సరే. ఇది రాస్తుంటేనే కొంచెం బాధగా ఉంది, అయినా అంతే.

కానీ ఇందులో అసలు అడగాల్సిన మనిషిని ఎవరూ అడగలేదు. అలవాటయ్యేదాకా ఇల్లు తుడవాల్సింది అమ్మ. చిన్నోడు స్కూల్లో ఉన్నప్పుడు అన్నం కలపాల్సింది అమ్మ. ఇవాళ అందరం ఆమె పక్కనే కూర్చుని గట్టిగట్టిగా మాట్లాడాం, ఆమె ఒక్క మాట అని కంచాలు తీసుకుపోయింది. రేపు పెద్దమ్మ పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి పోతానంటోంది. ఆమె అటు పోగానే అమ్మను కూర్చోబెట్టి అడుగుతా. బతిమాలను. వద్దంటే వద్దే.

అమ్మ ఏమన్నా సరే, తల్లి కుక్క సంగతి మాత్రం నేను పోయేలోపు చూడాలి. వచ్చే నెల 6న జూనోసిస్ డే, అంటే జంతువుల నుంచి మనుషులకు అంటే జబ్బుల గురించి జరిపే రోజు, ఆ రోజు పశువుల దవాఖానలో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే తారీఖున పాశ్చర్ కుక్క కరిచిన ఒక పిల్లాడికి మొదటిసారి ఆ టీకా వేయించాడు. ఇస్త్రీ అక్క దానికి తాడు కట్టి పట్టుకుంటానంది, ఆమె మాట అది వింటుంది. ఆపరేషన్ గురించి కూడా అక్కడే అడగాలి, పాలు పూర్తిగా మానాక చేస్తారు.

అమ్మ వద్దంటే పిల్లకు ఇంకో చోటు కావాలి. తిప్పర్తిలో మా క్లాస్‌మేట్ వాళ్లకు పొలం దగ్గర షెడ్డుంది, వాళ్ల తాతకు కుక్కలంటే ఇష్టం. ఆమెకు పిల్ల ఫోటో పంపించా, ఆడదని కూడా ముందే చెప్పా. ఇంకా చూడలేదు. పొద్దున ఫోన్ చేస్తా.