టర్కీ ఈకలు, మా అత్తయ్య, ఒక ఆదివారం

అక్టోబరు 1న మా మిషిగన్‌లో విల్లుతో జింక వేట మొదలవుతుంది. తుపాకీ వాళ్ళు నవంబరు 15 దాకా ఆగాలి. బాణాల కర్రలు పోయిన వారమే సాపు చేసి వార్నిష్ పట్టించి గరాజ్‌లో ఆరబెట్టాను, ఇక మిగిలింది ఈకలు అతికించడం. ఈరోజు టిఫిన్ తినగానే బేస్‌మెంట్‌లో బల్ల ముందు కూర్చున్నాను, లేచేసరికి బయట చీకటి పడిపోయింది.

ఇక్కడ చాలామందివి కార్బన్ బాణాలు, వాటికి ప్లాస్టిక్ రెక్కలు. కొన్నామా, వేశామా, అంతే. నాది పాతరకం చెక్క విల్లు కాబట్టి బాణం నా పిడికిలి మీదుగా, విల్లుని రాసుకుంటూ పోతుంది. ప్లాస్టిక్ రెక్క విల్లుకి తగిలితే బాణం పక్కకి ఎగిరిపోతుంది, అదే ఈక అయితే తగిలిన చోట ఒదిగి, దాటగానే మళ్ళీ లేస్తుంది. నేను వదలడంలో చిన్న తేడా వచ్చినా, కర్ర కాస్త ఊగుతూ వెళ్ళినా, వెనకనుంచి పట్టి లాగి దారిలో పెట్టేది ఈకే. వానలో తడిస్తే మాత్రం తలకి అంటుకున్న జుట్టులా అయిపోయి దేనికీ పనికిరాదు, అందుకే ముందే నీరు పట్టని పౌడర్ రాస్తాం.

ఈకలు పక్కింటి పెద్దాయన ఇచ్చినవి. ఆయన వసంతంలో అడవి టర్కీ కోడిని కొట్టినప్పుడు రెండు రెక్కలూ నాకోసం తీసిపెట్టాడు. షాపులో దొరికేవి ఫారంలో పెంచే తెల్ల టర్కీల ఈకలకి రంగులేసినవి, అవీ బాగానే ఉంటాయి గానీ అడవిదాని ఈక మీద నలుపు తెలుపు చారలు చూస్తే ఇంకోటి వాడబుద్ధి కాదు. రెక్కలో పెద్ద ఈకలు పదే ఉంటాయి. వాటిలో అరిగినవి, చీలినవి, మరీ పొట్టివి తీసేస్తే ఒక రెక్కకి మూడు బాణాలు వస్తే గొప్ప.

అసలు మెలిక ఎక్కడంటే ఎడమ రెక్క ఈకలు, కుడి రెక్క ఈకలు కలవకూడదు. రెండింటి ఒంపులూ ఎదురెదురు. ఎడమవైతే బాణానికి పెట్టే మూడూ ఎడమవే, బాణం గాలిలో ఒక వైపు తిరుగుతుంది, కుడివైతే రెండో వైపు. ఏది మంచిదని జనం గంటలకొద్దీ వాదించుకుంటారు, నాకైతే తేడా ఏమీ కనపడలేదు. కానీ కలిపి అతికిస్తే ఒకటి అటు తిప్పుతుంది ఒకటి ఇటు తిప్పుతుంది, బాణం ఎవరి మాట వినాలి? అందుకే రెక్కలు కోసిన రోజే రెండు సంచుల్లో వేసి, పైన రాసి, పురుగులు పట్టకుండా ఫ్రీజర్‌లో పెట్టాను.

ఆ ఫ్రీజర్‌లోనే కొబ్బరి తురుమూ ఉంది. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన మా అత్తయ్య దానికోసం చెయ్యి పెడితే సంచీ తగిలింది. "ఏం నాయనా, కోడిని తిని రెక్కలు దాచిపెట్టినావా?" అంటూ కిందికి దిగొచ్చింది. వచ్చినావిడ పైకి పోలేదు, కుర్చీ లాక్కుని కూర్చుంది. పని చేతిలో పెట్టాను. ఈక కాడని నిలువునా రెండుగా చీల్చే పని నాది, చీల్చిన దాని అడుగున తెల్లటి బెండు పోయేదాకా గరుకు కాగితం మీద రుద్దే పని ఆవిడది. నాకంటే నున్నగా రుద్దింది. కాడ అడుగు చదునుగా లేకపోతే జిగురు పట్టదు, పట్టినా నాలుగు బాణాలు వేసేసరికి ఊడిపోతుంది.

రుద్దుతూ పారువేట సంగతి ఎత్తింది. అహోబిలంలో సంక్రాంతి అప్పుడు నరసింహస్వామి వేటకి బయల్దేరి దాదాపు 40 రోజులు ఊరూరూ తిరుగుతాడు, బయల్దేరేటప్పుడు చెంచులు పల్లకీ వైపు బాణాలు వేస్తారు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి స్వామి వాళ్ళకి అల్లుడు. "అల్లుడికి బాణాలు వేసే అత్తగారోళ్ళు వాళ్ళు, ఈకలు రుద్దే అత్తను నేను" అని నవ్వింది. నాకు దీనికి జవాబేం దొరకలేదు.

తర్వాత గొంతు తగ్గించి, "పోలీసోళ్ళు పట్టుకోరా?" అంది. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట అంటే జైలే కదా, ఆవిడ భయం న్యాయమైనదే. ఇక్కడ లైసెన్సు కొనాలి, రోజుల లెక్క ఉంటుంది, 1960లోగానీ ఆ తర్వాతగానీ పుట్టినవాళ్ళు ముందు క్లాసుకెళ్ళి పాసవ్వాలి అని చెప్పాను. అదంతా ఒప్పుకుంది గానీ, పార్కులో మా పాప ఏరుకొచ్చిన గద్ద ఈకని నేను తిరిగి అక్కడే పెట్టించానంటే మాత్రం అస్సలు ఒప్పుకోలేదు. 1918 నాటి పక్షుల చట్టం ఒకటుంది, గద్దలూ గుడ్లగూబలూ లాంటి వాటి రాలిన ఈక కూడా ఇంట్లో ఉంచుకోకూడదు, ఇక బాల్డ్ ఈగిల్, గోల్డెన్ ఈగిల్ లాంటి పెద్ద గద్దలకైతే విడిగా ఇంకో చట్టం. "నెమలీక పుస్తకంలో పెట్టుకోని పెరిగినోళ్ళం, రాలిన ఈకకి కేసా!" అంది. అందుకే టర్కీ ఈకలు అత్తయ్యా, వీటికి ఎవరూ ఏమీ అనరు అన్నాను.

మధ్యాహ్నం నుంచి జిగురు పని. బాణాన్ని పట్టుకునే చిన్న బిగింపు ఒకటుంది. అందులో బాణం పెట్టి, ఈకని క్లిప్పుకి పట్టించి, కాడకి సన్నగా జిగురు రాసి కర్రకి ఆనించాలి, ఆరాక కర్రని 120 డిగ్రీలు తిప్పి రెండోది, మళ్ళీ తిప్పి మూడోది. ఈకకి పావుగంట చొప్పున వేసుకున్నా బాణానికి ముప్పావుగంట. తొందరపడి క్లిప్పు తీస్తే ఈక దానితోపాటే లేచొస్తుంది. మూడింటిలో ఒకటి అల్లెతాడు పట్టే గాడికి అడ్డంగా, విల్లుకి దూరంగా ఉండాలి. దానికి మాత్రం నారింజ రంగు కొన్న ఈక పెడతాను, మసక వెలుతురులో కూడా ఏది ఎటో చూడగానే తెలుస్తుంది, గడ్డిలో బాణం వెతుక్కోవడానికీ పనికొస్తుంది.

ఈకలు ఐదు అంగుళాలవి, కొంచెం మెలికతో అతికిస్తాను. గురి ఆటకైతే అంత పొడుగు అక్కర్లేదు. వేట ములికికి ముందు వెడల్పాటి బ్లేడ్లుంటాయి, అవి కూడా గాలిని పట్టి బాణాన్ని తమ వైపుకి తిప్పాలని చూస్తాయి, వెనక ఈకలు వాటికంటే బలంగా లాగకపోతే బాణం ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. జింకకి గాయం చేసి పోగొట్టుకోవడం కంటే పాపం ఇంకోటి లేదని నా అభిప్రాయం. కాబట్టి బాణం పది గజాలు తక్కువ పోయినా ఫర్వాలేదు, పెద్ద ఈకే.

అతికించాక కాడ ముందు కొసని పల్చగా చెక్కి, సన్న దారం చుట్టి, పైన జిగురు చుక్క వేయాలి. ఇది వదిలేస్తే ఆ కొస వేలి కణుపుని బ్లేడులా కోసేస్తుంది. అత్తయ్య పూలు కట్టే చెయ్యి కదా, దారం తనే తీసుకుని ఒక్క పొర మీద పొర ఎక్కకుండా చుట్టేసింది. ఇంకో రెండు బాణాలు మిగిలాయి, వచ్చే శనివారం చేస్తాను. ఈకల్ని వేడి తీగతో ఆకారానికి కాల్చడం కూడా అప్పుడే, గరాజ్ తలుపు తెరిచిపెట్టి, ఎందుకంటే వెంట్రుకలు కాలిన వాసన ఇంట్లో వస్తే మా ఆవిడ ఊరుకోదు.

పైకి వెళ్తూ అత్తయ్య అడిగింది, జింక మాంసం దొరికితే మిరపకాయల కారం వెయ్యాలా, మిరియాలా అని. ముందు జింక దొరకనీయండి అన్నాను. మిరియాలే వేద్దాం అని తనే తేల్చేసింది.