కమడోర్ 64 కార్ట్రిడ్జ్: ఆ 30719 సంగతేంటి?

కమడోర్ 64 (1980ల నాటి హోమ్ కంప్యూటర్) కోసం పోయిన నెల సోల్డర్ చేసిన 8కె కార్ట్రిడ్జ్ (గుచ్చితే దానిలోని ప్రోగ్రామ్ నడిచే రోమ్) బోర్డు ఎట్టకేలకు చెప్పినమాట వింటోంది, కాకపోతే రెండు సాయంత్రాలు నా తప్పు నేనే వెతుక్కోవడానికి సరిపోయాయి. అడ్రస్‌లన్నీ డెసిమల్‌లోనే ఇస్తున్నా, బేసిక్ భాషలో పీక్‌లూ పోక్‌లూ (మెమరీ చదివే, రాసే ఆదేశాలు) కొట్టిన అలవాటు.

మొదట ఆన్ చేస్తే నా ప్రోగ్రామ్ రాలేదు, మామూలు నీలం స్క్రీనే. కాంటాక్టులు తుడిచా, చిప్ పీకి మళ్లీ గుచ్చా. తర్వాత గానీ పైన ఉన్న అంకె మీద చూపు పడలేదు: ఎప్పుడూ వచ్చే 38911 కాదు, 30719 బైట్లే ఖాళీ అంటోంది. అంటే ర్యామ్ లెక్క 32768 దగ్గర ఆగిపోయింది, అక్కడ నా కార్ట్రిడ్జ్ రోమ్ కనబడుతోంది, వైరింగ్ బాగానే ఉంది! పీక్(32772) కొడితే 67 వచ్చింది. దొంగ దొరికాడు. రీసెట్ అయినప్పుడు కెర్నల్ (మెషీన్ సొంత సిస్టమ్ ప్రోగ్రామ్) అక్కడ ఐదు బైట్లలో సీబీఎం80 అని ఉందా అని చూస్తుంది, కానీ ఆ మూడు అక్షరాలకూ 128 కలపాలి: 195, 194, 205, 56, 48. నేను 67, 66, 77 పెట్టేశా. నా చిప్ 28సి64, కరెంటుతోనే చెరిపే ఈఈప్రామ్ కాబట్టి యూవీ దీపం గొడవ లేదు, అప్పటికప్పుడే మళ్లీ రాసేశా.

ఇప్పుడు ఇంకో తలనొప్పి, బేసిక్ కావాలన్నా ముందు నా ప్రోగ్రామే వచ్చి కూర్చుంటుంది. అందుకని కమడోర్ కీ పట్టుకుంటే బేసిక్‌లోకి వెళ్లేలా చేశా: కోడ్ మొదట్లోనే 64931 దగ్గరున్న కెర్నల్ రొటీన్‌ను పిలుస్తున్నా. అది ఐ/ఓ (కీబోర్డు లాంటి ఇన్‌పుట్, అవుట్‌పుట్) సిద్ధం చేస్తూ 56320లో 127 వదిలిపెడుతుంది, కీబోర్డులో కమడోర్ కీ ఉన్న వరుసను ఎంచుకునే అంకె సరిగ్గా అదే, మనం ఏమీ సెట్ చేయక్కర్లేదు. 56321 చదివి 32తో యాండ్ చేస్తే (అంటే ఆ కీ బిట్ ఒక్కటే చూస్తే) సున్నా వచ్చిందంటే కీ నొక్కి ఉన్నట్టు, అప్పుడు 64751కి జంప్. అక్కణ్నుంచి కెర్నల్ తన పని తను చూసుకుంటుంది.

రీస్టోర్ కీ నొక్కితే మెషీన్ బిగుసుకుపోవడం కూడా నా నిర్వాకమే, 32770లో వెక్టర్ (ఆ కీ నొక్కితే ఎక్కడికి వెళ్లాలో చెప్పే అడ్రస్) ఖాళీగా వదిలేశా. అక్కడ 94, 254 పెట్టాక రన్/స్టాప్‌తో కలిపి నొక్కినా మామూలుగానే పనిచేస్తోంది.

కీ పట్టుకుని బేసిక్‌లోకి వెళ్లినా 30719 మాత్రం మారదు, రోమ్ అక్కడే ఉంది కదా. పూర్తి 38911 కావాలంటే, కార్ట్రిడ్జ్ ఉందని మెషీన్‌కు చెప్పే 9వ పిన్ ఎక్స్‌రోమ్‌ను గ్రౌండ్ నుంచి విడదీయాలి. ఆ వైరుకు చిన్న స్విచ్ పెట్టా, పవర్ ఆపాకే మారుస్తున్నా.