కట్టమంచి సెలూన్‌లో అమెరికా కుట్ర

ఆదివారం పొద్దున షేవింగ్‌కు పోయాను. సెలూన్ అన్న కొత్త బ్లేడు కాగితం నా కళ్ళముందే విప్పి, సగానికి విరిచి, కత్తిలో బిగించాడు. "ఎయిడ్స్ వచ్చినప్పట్నించీ మనిషికో బ్లేడు. అంతా ఆ అమెరికావోడు చేసినాడన్నా, ల్యాబులో తయారుచేసి వదిలినాడు" అన్నాడు. ముఖం నిండా నురగ, గొంతు మీద కత్తి. వాదించే టైమా అది?

నేను చిత్తూరులో ల్యాబ్ టెక్నీషియన్ని. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. తమాషా ఏమిటంటే ఇది మన దేశంలోనే అచ్చయింది. 1983 జూలైలో ఢిల్లీ పత్రిక పేట్రియాట్, పేరు చెప్పని అమెరికా శాస్త్రవేత్త ఉత్తరం అంటూ వేసింది. వెనకున్నది సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ. 1985 నుంచి దాన్ని దేశదేశాలూ తిప్పారు. 1992లో రష్యా గూఢచారి విభాగం అధిపతి ప్రిమకోవ్ మావాళ్ళ పనేనని ఒప్పుకున్నాడు. ఆ సంగతి మాత్రం కట్టమంచి దాకా రాలేదు.

1959లో ఆఫ్రికాలో, ఇప్పటి కాంగో రాజధాని కిన్షాసాలో తీసి దాచిన రక్తంలోనే హెచ్ఐవీ దొరికింది. జన్యువుల్ని కత్తిరించి అతికించే విద్య అప్పటికి ఎవరికీ రాదు.

నేనూ ఇలాంటి కథ ఒకదానికి పడిపోయాను లెండి. కాంగోలో 1957-60 మధ్య వేసిన పోలియో చుక్కల మందును చింపాంజీ కిడ్నీల్లో పెంచారని, వైరస్ అలా అంటుకుందని. వింటే నిజమే అనిపిస్తుంది. మిగిలిన మందును పరీక్షిస్తే చింపాంజీ ఆనవాలే లేదు. పైగా మన వైరస్‌కు దగ్గరి చుట్టం అక్కడ కాదు, ఆగ్నేయ కామెరూన్ చింపాంజీల్లో ఉంది.

మా వీధిలో మటన్ కొట్టే అతని బొటనవేలికి ఎప్పుడూ ఏదో గుడ్డ చుట్టి ఉంటుంది. చింపాంజీని కోసిన వేటగాడి చేతికీ అలాంటి గాటే ఉండి ఉంటుంది. వైరస్ మనిషికి ఎక్కడానికి వెకిలి కథలేవీ అక్కర్లేదు, ఆ రక్తం చాలు. 1920 ప్రాంతానికే అది కిన్షాసా చేరిందని జన్యువుల లెక్క.

మన దేశంలో హెచ్ఐవీ మొదట బయటపడింది మా చిత్తూరుకు పక్కనే. 1986లో మద్రాసులో నిర్మల అనే డాక్టరమ్మ తీసిన రక్తం శాంపిళ్ళు రైల్లో వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వచ్చాయి. ఆరింటిలో తేలింది. అంతకుముందు అవి ఉన్నది ఆమె ఇంటి ఫ్రిజ్‌లోనే! కిట్టు మీద గీత పడేదాకా కుర్చీలో కూర్చునే నాకు, ఆ రైలు ప్రయాణం తలుచుకుంటేనే టెన్షన్.

ముఖం తుడుచుకుని ఇదంతా చెప్పాను. అన్న ఓపిగ్గానే విన్నాడు.

"అమెరికావోడు చేయలేదంటే, బ్లేడు మార్చే పన్లేదంటావా?"

"అది మాత్రం మార్చు."