కరెంటు తీస్తేనే కారే క్యాసెట్ ఏసీ: హాల్ పని, ఆరో వారం

దొరికింది! పదిహేడు రోజులుగా హాలు సీలింగ్‌లో బిగించిన క్యాసెట్ ఏసీ ప్యానెల్ మూల నుంచి సోఫా మీద పడుతున్న నీళ్ళు ఎక్కడివో నిన్న రాత్రి పదకొండింటికి తేలిపోయింది. ఇవాళ పొద్దున్నే ఏసీ నీళ్ళు బయటికి పోయే డ్రెయిన్ పైపు కోసేశాను. చేతికి సాల్వెంట్ వాసన ఇంకా వదల్లేదు, అయినా మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

ముందు మిగతా పనులు. లీకులు చూడ్డానికి గ్యాస్ పైపుల్లో నైట్రోజన్ 550 పీఎస్ఐ ఒత్తిడితో పెట్టి రోజంతా వదిలేస్తే మీటరు ముల్లు కదల్లేదు. తర్వాత పైపుల్లో గాలి, తేమ లాగేస్తే వాక్యూమ్ 350 మైక్రాన్ల దగ్గర నిలబడింది. ప్యానెల్ బిగించాను, నాలుగు వైపులా గాలి సమానంగా వస్తోంది. 20×18 హాలు, పైన ఎండకి కాగే డాబా, అయినా రెండు టన్నులు సరిపోయాయి.

ఇక నీళ్ళ సంగతి. ఏసీ నడుస్తున్నంతసేపూ ఒక్క చుక్క కారదు. నాలుగు గంటలు నడిపినా సీలింగ్ పొడిగానే ఉంటుంది. కరెంటు పోయినా, నేను ఎంసీబీ (ఏసీకి కరెంటు ఇచ్చే మెయిన్ స్విచ్చి) దించినా, రెండు మూడు నిమిషాల్లో ఈశాన్యం మూల నుంచి మొదటి చుక్క పడుతుంది. పావుగంట కారి ఆగిపోతుంది. కింద స్టీలు గిన్నె పెట్టి ఐదుసార్లు కొలిచాను: 190, 210, 220, 205, 210 మి.లీ. ప్రతిసారీ దాదాపు అంతే. ఊరికే చెమర్చి కారే నీళ్ళు ఇంత లెక్కగా రావు. ఆ మాట నాకు మొదటి రోజే తట్టాల్సింది.

తట్టక, ముందు చెమర్చడం మీదే అనుమానపడ్డాను. కారణం లేకపోలేదు. మాది విశాఖ, ఇంటికి సముద్రం కిలోమీటరు కూడా లేదు. ఫాల్స్ సీలింగ్ పైన ఖాళీలో మీటర్ పెడితే 31 డిగ్రీలు, 84 శాతం తేమ చూపించింది. అంటే ఆ గాలిలో 28 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువూ చెమరుస్తుంది. డ్రెయిన్ పైపులో పారే నీళ్ళు 15 డిగ్రీలు. అందుకే పైపంతటికీ 9 ఎంఎం తొడుగు తీసేసి 19 ఎంఎం నైట్రైల్ రబ్బరు వేశాను, ఆర్మాఫ్లెక్స్. ఖరీదెక్కువే. కానీ సముద్రం పక్కన ఇళ్ళకి ఆ తెల్ల ఫోమ్ తొడుగులు పనికిరావని నా గట్టి అభిప్రాయం, రెండు వర్షాకాలాలకే పొడిపొడిగా రాలిపోతాయి. ఇంత చేశాక కొలిస్తే 205 మి.లీ. ఏమీ మారలేదు.

అప్పుడు పసుపు గుర్తొచ్చింది. చెకింగ్ మూత తీసి, చిటికెడు పసుపు కలిపిన నీళ్ళు ఏసీ లోపల నీళ్ళు చేరే ట్రేలో పోసి, కాసేపు నడిపి ఎంసీబీ దించాను. గిన్నెలో పడిన నీళ్ళు పచ్చగా ఉన్నాయి. కాబట్టి ఇది పైపు మీదో బాడీ మీదో చేరిన చెమ్మ కాదు, ట్రే నిండి పొంగుతోంది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ట్రే పొంగుతోందంటే మట్టం తేడా అనుకున్నాను. లేజర్ లెవెల్‌లో అంతా సమంగానే కనిపించింది. మావయ్యగారు చూసి, "అల్లుడుగారూ, ఆ గీత మందమే రెండు మిల్లీమీటర్లుంది. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ళ గొట్టం పట్టండి" అన్నారు. పట్టాం. 840 ఎంఎం బాడీకి డ్రెయిన్ ఉన్న మూల 3 ఎంఎం ఎత్తుగా ఉంది. ఆ మూల దిగువన ఉండాలి, లేదా సమంగా ఉండాలి, ఎత్తు మాత్రం అస్సలు ఉండకూడదు. యూనిట్ వేలాడే 10 ఎంఎం థ్రెడ్ రాడ్ల నట్లు తిప్పి సరిచేశాను. ఆ రాడ్లని స్లాబుకి పట్టి ఉంచడానికి హిల్టీ డ్రాప్ ఇన్ యాంకర్లు వాడినందుకు మరోసారి సంతోషించాను, ఇన్నిసార్లు కదిపినా ఒక్కటీ వదులు కాలేదు. మట్టం సరయ్యాక కొలత: 195. ఆ రాత్రి భోజనం సహించలేదు.

ట్రేలో నీళ్ళని డ్రెయిన్ పైపులోకి ఎత్తే పంపు బలహీనంగా ఉందేమోనని రెండు లీటర్లు పోసి చూశాను. రెండు నిమిషాలలోపే ఎత్తి బయట పోసేసింది. బయట బకెట్టులో గంటకి 2.4 లీటర్లు పడుతున్నాయి. పంపు నిక్షేపంలా ఉంది.

చిక్కుముడి విప్పింది మా ఆవిడ. రిమోట్‌తో ఆపి పడుకున్న రాత్రి, "ఏవండీ, ఏసీ ఆపేశాక కూడా పైన మాటిమాటికీ గుయ్యిమంటోంది" అంది. టైము పెట్టి విన్నాను. ఆపిన ఐదు నిమిషాలకి పంపు ఆగుతుంది. ఆరేడు నిమిషాల తర్వాత మళ్ళీ మోగుతుంది, ఆగుతుంది, మళ్ళీ మోగుతుంది. ఏసీ ఆగిపోయాక కొత్త నీళ్ళు ఎక్కడివి? కొత్తవి కావు, పాతవే. పంపు ఆగగానే పైపులో నిలిచిన నీళ్ళు వెనక్కి ట్రేలోకి దిగుతున్నాయి. నీటి మట్టంతో పాటు తేలే ఫ్లోట్ స్విచ్చి లేస్తోంది, పంపు మళ్ళీ ఎత్తుతోంది. రిమోట్‌తో ఆపినప్పుడు పంపు కాపాడుతోంది కాబట్టి కారట్లేదు. కరెంటే లేకపోతే ఫ్లోట్ లేచినా ఎత్తే దిక్కు లేదు.

ఇక లెక్క వేశాను. మాది పాత ఇల్లు, స్లాబు పన్నెండున్నర అడుగుల ఎత్తు, ఫాల్స్ సీలింగ్ తొమ్మిదిన్నర దగ్గర. గోడ కొట్టకుండా డ్రెయిన్‌ని పాత వెంటిలేటర్ గుండా బయటికి తీశాను. ఆ వెంటిలేటర్ కిందకి వచ్చేలా యూనిట్ నుంచి 1.4 మీటర్లు అడ్డంగా తీసుకెళ్ళి, అక్కడ 48 సెం.మీ. నిలువుగా ఎత్తాను. అడ్డంగా వెళ్ళే పైపు కూడా ఒక కాండ్యూట్ (కరెంటు తీగల గొట్టం) తప్పించడానికి 4 సెం.మీ. ఎగువకి పోతోంది. అంటే పంపు ఆగితే ఆ 188 సెం.మీ. పైపులో ఉన్నదంతా వెనక్కే. 32 ఎంఎం పైపు లోపలి వ్యాసం 28, సెంటీమీటరుకి 6.15 మి.లీ. మొత్తం 1156.

పంపు ఊడ్చేశాక ట్రే ఎంత పడుతుందో కూడా కొలిచాను: 1150 మి.లీ. పోస్తే చుక్క మొదలైంది. దీనికి తోడు కాయిల్ రెక్కల్లో ఆగిన నీళ్ళు మెల్లగా దిగుతాయి, నా అంచనా 200. 1156కి 200 కలిపి, 1150 తీసేస్తే మిగిలేది 206. గిన్నెలో పడుతున్నది 210! కాగితం మీద ఆ అంకె చూసి మా ఆవిడని నిద్ర లేపాను.

మాన్యువల్‌లో ఇది ఉంది. నిలువు పైపు యూనిట్ మూతి నుంచి 300 ఎంఎం లోపే లేవాలి, ఎత్తినదాని తర్వాతే మీటరుకి 1 సెం.మీ. వాలు ఇవ్వాలి అని బొమ్మతో సహా వేశారు. కొలత గుర్తుంది కానీ దాని వెనక కారణం నాకు అర్థం కాలేదు, అందుకే దాటేశాను. స్ప్లిట్ ఏసీలు బిగించి వచ్చినవాళ్ళందరికీ ఈ పొరపాటు జరిగే అవకాశం ఉంది, అక్కడ నీళ్ళు వాటంతట అవే కిందికి పోతాయి కాబట్టి ఈ ఆలోచనే రాదు.

షాపులో నీళ్ళు వెనక్కి రాకుండా రెక్కతో ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టేయమన్నారు. పెట్టను. ఎప్పుడూ తడిగా ఉండే పైపులో జిగట పాకుతుంది, ఆ రెక్క అతుక్కుపోతే నడుస్తుండగానే పొంగుతుంది.

ఇవాళ చేసింది: మూతి నుంచి 25 సెం.మీ.కే నిలువు లేపాను, ఎత్తు 54. అక్కడి నుంచి వెంటిలేటర్ దాకా వాలుగా, ప్రతి మీటరుకీ ఒక క్లాంపు. ఇప్పుడు వెనక్కి వచ్చేది 486, కాయిల్ నీళ్ళతో కలిపి 700 దాటదు. సాయంత్రం మూడు గంటలు నడిపి ఎంసీబీ దించాను. గిన్నె పొడిగా ఉంది. గంటన్నర వేచి మళ్ళీ చూశాను, పొడిగానే ఉంది. రిమోట్‌తో ఆపితే గుయ్యిమనడం కూడా పోయింది.

తర్వాతి పని వెంటిలేటరే. పైపు చుట్టూ ఉన్న సందుల నుంచి సముద్రపు గాలి సీలింగ్ పైకి వస్తోంది, ఆ 84 శాతం తేమ అక్కడిదే. పీవీసీ షీటు కోసి, చుట్టూ సిలికాన్ పెట్టి మూసేయాలి. ఆ తర్వాత తేమ ఎంతకి దిగుతుందో వారం రోజులు రాసుకుంటాను. బయట డ్రెయిన్ కొసని ఇంకో రెండు మీటర్లు పొడిగించి కరివేపాకు చెట్టు పాదులోకి వదలాలి. గంటకి 2.4 లీటర్లు సిమెంటు మీద పోతుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

పడకగదికి సింగిల్ వే, అంటే ఒకవైపే గాలి వదిలే క్యాసెట్ చూస్తున్నాను. అక్కడ సీలింగ్ పైన ఉన్న ఖాళీ 30 సెం.మీ.యే, కాబట్టి బాడీ మందం తెలిశాకే కొంటాను. అక్కడ వెంటిలేటర్ లేదు. తొమ్మిదంగుళాల గోడకి డ్రెయిన్ మూతి ఎత్తులోనే కోర్ కటింగ్‌తో గుండ్రటి రంధ్రం చేయిస్తే నీళ్ళు ఎత్తాల్సిన ఎత్తు పది సెంటీమీటర్లు కూడా ఉండదు. ఈసారి యూనిట్ పెట్టె విప్పకముందే పైపు దారి సున్నంతో గోడ మీద గీసేస్తాను.