సొవాటాలో ఉప్పునీళ్ళు, ఆగిపోయిన మధ్యాహ్నం

రొమేనియాలోని సొవాటా వెళ్ళాలనుకుంటే పొద్దున్నే బయల్దేరండి. తిర్గు మురెష్ నగరంలో ఆలస్యంగా మినీబస్సు ఎక్కారంటే, టికెట్ కొని, బట్టలు మార్చుకుని, ఊర్సు అనే ఉప్పునీటి సరస్సులో కాస్త నానగానే ఈల వేసి అందర్నీ గట్టెక్కమంటారు. మధ్యాహ్నం రెండు గంటల పాటు నీళ్ళలోకి ఎవర్నీ దిగనివ్వరు. అక్కడి డబ్బు ‘లే’లో ఉన్న ధరని ఇరవైతో గుణించి రూపాయల్లో చూసుకునే అలవాటు ఇంకా పోలేదు నాకు, అందుకే ఒళ్ళు మండింది.

ఆ కాసేపు మాత్రం అద్భుతం. కాళ్ళు కిందికి నొక్కినా నీళ్ళు పైకి తోసేస్తాయి, నిలబడదామన్నా కుదరదు. మెడ దగ్గర నీళ్ళు చల్లగా, పిక్కల దగ్గర వేడిగా! గట్టెక్కి ఆరేసరికి చేతుల మీద వెంట్రుక వెంట్రుకకీ తెల్లగా ఉప్పు పట్టింది, వేలి మీది చిన్న గాటు భగ్గుమంది.

బెంచీ మీద నా పక్కన కూర్చున్న హంగేరియన్ పెద్దావిడ నా ముఖం చూసి నవ్వింది. ఆ ఊళ్ళో ఎక్కువమంది హంగేరియన్లే. మనవరాలు ఇంగ్లీషులో చెబుతుంటే ఆవిడ ఒక అరచేతి మీద రెండో అరచెయ్యి ఆనించి చూపించింది. వాగుల మంచినీళ్ళు తేలిక కాబట్టి పైన పల్చటి పొరలా పరుచుకుంటాయి, ఎండ వేడి కిందున్న చిక్కటి ఉప్పునీళ్ళలో చేరి పైకి రాలేక అక్కడే ఉండిపోతుంది. మనం ఈదితే ఆ రెండూ కలిసిపోతాయి, అందుకే మళ్ళీ విడిపడేదాకా సరస్సుని కదపకూడదు. 1875లో నేల కుంగి ఏర్పడిన ఈ సరస్సులోని వేడి రహస్యాన్ని కలెచిన్స్కీ అనే హంగేరియన్ రసాయన శాస్త్రవేత్త 1900ల మొదట్లోనే తేల్చి చెప్పాడు. ఇది విన్నాక టికెట్ డబ్బుల మీద కోపం పోయింది.

ఆవిడ మోకాళ్ళ నొప్పులకి ఏటా వస్తుందట. ఆవిడ పాదాలు చూస్తుంటే నాయనమ్మ గుర్తొచ్చింది. చినగంజాం ఉప్పు మళ్ళలో పొద్దు పొడవకముందే దిగి, ఉప్పు లాగి కుప్పలు పోసేది. మడమలు నెర్రెలిచ్చి రక్తం కారేది, రాత్రి ఆముదం రాసుకుని గుడ్డ చుట్టుకునేది. ఆ ఉప్పే ఇక్కడ మందు, దానికోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి డబ్బు కట్టి మరీ దిగుతున్నారు. నాకు చాలాసేపు మాట రాలేదు.

మళ్ళీ ఈల వేశాక మూసేసేదాకా నీళ్ళలోనే ఉన్నాను. మిగతా సరస్సులు, బురద స్నానాల గురించి నన్నడక్కండి, అటువైపే వెళ్ళలేదు. రోడ్డు పక్కన నిప్పుల మీద కాల్చి పంచదార అద్దిన గొట్టం రొట్టె మాత్రం తిన్నాను, ధర ఎక్కువే, కానీ వేడివేడిగా ఉంటే ఒకటి ఇద్దరికి సరిపోతుంది.

రాత్రి ఫోన్‌లో నాన్నకి ఇదంతా చెబితే, “అంత ఉప్పుంటే అక్కడ ఉప్పు తియ్యరా?” అన్నాడు. పక్కనే ప్రయిద్‌లో పెద్ద ఉప్పుగని ఉందని, 2025 మేలో కొరుంద్ వాగు గనిలోకి విరుచుకుపడి అది మునిగిపోయిందని చెప్పాను.

“మరి అందులో పనిచేసేవాళ్ళు?”

గట్టు మీద అన్ని కబుర్లు చెప్పుకున్నాం, ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.